పన్నెండో రోజు ఆట

మా నాయన పోయిన పన్నెండో రోజు నేను ఫుట్‌బాల్ ఆడాను. మా వాళ్ళలో కొందరు దాన్ని ఇంకా మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. జరిగింది జరిగినట్టు రాసి పెడదామని ఇది రాస్తున్నాను.

మాది పుదుచ్చేరి పక్కన అరియాంకుప్పం. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేను కూడా ముప్పై దాటాక, మోకాలికి ఆపరేషన్ అయి నెలల తరబడి ఇంట్లో కాలు చాపుకొని కూర్చున్నప్పుడు నేర్చుకున్నాను. అంతకు ముందు పదేళ్ళు వేరే రాష్ట్రాల క్లబ్బులకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడాను. డిఫెండర్లకు కాస్త ముందు నా చోటు. అవతలివాళ్ళ కాళ్ళ దగ్గరనుంచి బంతి లాక్కోవాలి, మనవాడికి ఇవ్వాలి, మళ్ళీ నా చోటికి వచ్చి నిలబడాలి. చూసేవాళ్ళ కంటికి పెద్దగా ఆనని పని.

నాయన సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు తోలేవాడు. నా మ్యాచ్ ఒక్కసారే చూశాడు. బయటికి వచ్చాక, "అంత కష్టపడి తీసుకుంటావు, తీసుకున్నది తీసుకున్నట్టే ఇంకొకడికి ఇచ్చేస్తావేందిరా?" అన్నాడు.

"అదే నాయనా నా పని."

"దానికి జీతమిస్తారా?"

ఇస్తారన్నాను. "అయితే సరి" అన్నాడు.

ఆపరేషన్ తర్వాత నా క్లబ్బు నన్ను వదిలేసింది. ఏడాదిపాటు ఒక్కడినే ప్రాక్టీసు చేశాను. చివరికి ఒక పాత పరిచయస్థుడు ఫోన్ చేశాడు. అతను ఇప్పుడు ఇంకో క్లబ్బుకు కోచ్. సీజన్ మొదలయ్యే ముందు తన జట్టును మా ఊరికి తీసుకొస్తున్నాడు. "రెండు వారాల తర్వాత శనివారం మీ లాస్‌పేట స్టేడియంలో ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టుకున్నాం. వచ్చి ఆడు. ఆ మోకాలు తట్టుకుంటుందో లేదో చూస్తాను. ఆదివారం మేం వెళ్ళిపోతాం." ముప్పై మూడేళ్ళవాడిని, కోసి కుట్టిన మోకాలివాడిని ఇంకెవరూ పిలవరు. ఇది పోతే నా ఆట ముగిసినట్టే.

ఆ ఫోన్ వచ్చిన మూడో రోజు, మంగళవారం పొద్దున, నాయన స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

తలకొరివి పెట్టింది నేను. గుండు గీశారు. తలకొరివి పెట్టినవాడు పదహారో రోజు కర్మ అయ్యేదాకా కాళ్ళకు ఏమీ తొడుక్కోకూడదని మా ఇళ్ళలో నియమం. చెప్పులు వద్దన్నారు గానీ పరుగు వద్దనలేదు. రోజూ తెల్లవారగానే సముద్రం ఒడ్డుకు పోయి ఉత్త కాళ్ళతో ఇసుకలో పరిగెత్తాను. దుఃఖం గురించి అంతకు ముందు చాలా చదివి ఉన్నాను. ఆ రోజుల్లో అందులో ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు.

మా వాళ్ళలో ఒక సర్దుబాటు ఉంది. ఉద్యోగానికి లీవు దొరకనివాళ్ళు పదహారో రోజు కర్మను పదకొండో రోజుకే జరుపుకుంటారు. మా తాతకు అట్లాగే చేశారు. శనివారం పన్నెండో రోజు అవుతుంది. ఎనిమిదో రోజు సాయంత్రం అందరూ తిన్నె మీద కూర్చుని ఉండగా చిన్నాన్నను అడిగాను.

"చిన్నాన్నా, పదకొండుకే పెట్టుకుందామా? శనివారం నాకు మ్యాచ్ ఉంది."

"ఏంది?"

"మ్యాచ్. తాతకు పదకొండుకే చేసినారు గదా."

"అప్పుడు నాకు ఆఫీసులో లీవు లేదురా. నీది ఆట."

"నాకు అదే ఉద్యోగం."

"ఉద్యోగమా! లీవు లెటరు ఎవురికి రాస్తావు? రెఫరీకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "ఈ మిద్దె యాడినుంచి వచ్చిందనుకుంటా ఉండావు?" అన్నాను. నవ్వు ఆగింది. చిన్నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరి, పదకొండుకే పెట్టిస్తా. మీ అమ్మను అడిగినావా?"

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అమ్మ గడప లోపల కూర్చుని ఉంది. నుదుట బొట్టు, తలలో పూలు, మెడలో తాళి. కర్మ రోజు వరకు అవన్నీ ఉంటాయి. ఆ రోజు తీసేస్తారు. తాత పోయేసరికి అవ్వ లేదు కాబట్టి పదకొండైనా పదహారైనా ఎవరికీ తేడా పడలేదు. ఇప్పుడు నేను అమ్మ దగ్గరనుంచి ఐదు రోజులు అడిగాను. అదీ అందరి ముందు.

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. నేనూ వెనకే పోయాను.

"ఆలోచించకుండా అడిగేసినానమ్మా. వద్దులే, మ్యాచ్ వద్దు."

"మ్యాచ్ వద్దని నేనన్నానా?"

"బూట్లు లేకుండా ఆడనీయరు."

"ఏసుకో."

"చిన్నాన్న ఊరుకోడు."

"ఆయనకు నేను చెప్తా. దినం మాత్రం ముందుకు జరిపేది లేదు. ఇన్నేండ్లు పెట్టుకున్న బొట్టు, ఇంకా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ పెట్టుకుంటా. అది నాది. బూట్లు నీవి. తప్పయితే అదీ నీదే."

శనివారం బూట్లు సంచిలో వేసుకుని, ఉత్త కాళ్ళతో రెండు బస్సులు మారి లాస్‌పేట చేరాను. కోచ్ నా గుండు చూశాడు, కాళ్ళు చూశాడు. "ఎవరు?" అన్నాడు. "నాన్న." "ఆడగలవా?" "ఆడతాను."

పన్నెండు రోజులు నేల మీద నడిచిన కాళ్ళు బూట్లలో పట్టలేదు. లేసులు బాగా వదులు చేసి కట్టుకున్నాను. మొదటి ఇరవై నిమిషాలు చెడ్డగా ఆడాను. ఇచ్చిన బంతులు రెండు నేరుగా అవతలివాళ్ళకే పోయాయి. అవతలి జట్టు కుర్రాడొకడు తమిళంలో, "అన్నా, గుండుకు ఎండ తగులుతోందా?" అన్నాడు. "బాగా తగులుతోంది తమ్ముడూ" అన్నాను. తర్వాత వాడి కాళ్ళ దగ్గరికి వచ్చిన బంతి తీసుకున్నాను, ఆ తర్వాతదీ తీసుకున్నాను. రెండో సగంలో మోకాలు నొప్పి పెట్టింది గానీ ఆగమనలేదు. చివరిదాకా ఆడాను. గోల్ కొట్టలేదు, కొట్టే ప్రయత్నమూ చేయలేదు. నన్ను చూడడానికి వచ్చినవాడికి కావలసింది అది కాదు.

గీత దాటగానే బూట్లు విప్పేశాను. కోచ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒక సీజన్ ఇస్తాను. నెలాఖరుకు వచ్చెయ్యి."

బుధవారం, పదహారో రోజు, సముద్రం ఒడ్డున కర్మ. మొదలుపెట్టే ముందు కర్మ చేయించే అయ్యవారు అలవాటుగా, "నియమం తప్పలేదు గదా?" అని అడిగాడు. తప్పలేదనడం అందరికీ అలవాటు. చిన్నాన్న నావైపు చూడకుండా తువ్వాలు మడత పెడుతున్నాడు.

"తప్పింది. పన్నెండో రోజు బూట్లు వేసుకుని ఆడినాను."

"తోలువా?"

"కాదు, ప్లాస్టిక్ మాదిరివి."

"ఏవైనా తప్పే. మూడు మునకలు ఎక్కువ ముంగు."

మునిగాను. మూడోది అయి లేచేసరికి చిన్నాన్న మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి చెయ్యి అందించాడు. నేను పట్టుకున్నాను.

మేం ఇల్లు చేరేసరికి ఆడవాళ్ళు అమ్మకు చేయవలసింది చేసేశారు. లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఖాళీ నుదురు, ఖాళీ మెడ. పక్కన కూర్చున్నాను. తనే అడిగింది.

"నెలాఖరుకు పోవాలంటివే, టికెట్టు తీసినావా?"

"ఇంకా లేదమ్మా."

"తీ. మళ్ళా దొరకవు."

ఆమె పక్కనే కూర్చుని ఫోన్‌లో తీశాను.