రెండో భాగం రాసిన కండక్టరన్న

ఆత్మకూరు–ఉదయగిరి బస్సు కండక్టరు పోయారని మంగళవారం పొద్దున టైపు నేర్చుకునే అమ్మాయి వచ్చి చెప్పింది. డ్యూటీకి తయారవుతూ గుండె పట్టుకుని కూలబడ్డారట. ఒక్కరే ఉండేవారు. పక్కింటివాళ్లు చూసేసరికే ఆలస్యమైపోయింది.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకు టైపు ఇన్‌స్టిట్యూటు ఉంది. నిరుడు ఒక కంప్యూటరు కొన్నాను. దాంతో వచ్చిన ఫ్లాపీల్లో ఒక పాత ఆట ఉంది. దారి తప్పిన ఓడ సరంగు ఒకడు తిక్క మాటలతో జనాన్ని విసిగించి పనులు చేయించుకుంటాడు. వాడు ఏమనాలో తెరమీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు వస్తాయి, ఒకటి మనం ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ఆట ముగిసిపోదు. సెలవు చీటీ టైపు చేయించుకోవడానికి వచ్చిన కండక్టరన్న అది చూసి కదల్లేదు.

“తప్పు మాట అన్నా ఈడ ఎవురూ చావరేంది చెల్లెమ్మా? బలే ఉండాదే!”

ఆ తర్వాత డ్యూటీ దిగి రోజూ వచ్చేవారు. నేను డిక్షనరీ చూసి అర్థం చెబితే ఆయన నవ్వే నవ్వుకు టైపు మిషన్లు ఆగిపోయేవి. “బస్సు నిండా జనమే. దిగే స్టేజీ పేరు తప్ప నాతో ఎవురూ ఏం చెప్పరు” అనేవారు. సాయంత్రాలు నాకూ మాట్లాడే మనిషి దొరికింది ఆయన వల్లే.

ఆట చివర్లో సరంగు ఒక దీవిలో ఒంటరిగా పడవ కోసం చూస్తుంటాడు. రెండో భాగం కోసం నెల్లూరులో అడిగిస్తే రాలేదన్నారు.

“రాకపోతే మనమే రాస్తాం” అని కండక్టరన్న తెల్ల నోటుబుక్కు కొన్నారు.

అందులో సరంగు ఎండుచేప ఇచ్చి ఉదయగిరికి టిక్కెట్టు అడుగుతాడు. కొండెక్కి, మేకలు కాసే అవ్వను సముద్రం ఎటని అడిగితే, “నిన్న ఇటే పొయ్యింది. బిరబిరా నడిస్తే దొరుకుతాది” అంటుంది.

ఒక పేజీలో మాత్రం సరంగు మర్రిపాడులో తమ్ముడి ఇంటి ముందు నిలబడ్డాడు. కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలే ఉన్నాయి. వాక్యాలు లేవు. ఇదేమిటని అడిగాను.

“మాయమ్మ పోయినప్పుడు తమ్ముడు ఆలస్యంగా వచ్చినాడు. అందరి ముందరా ‘ఇప్పుడెందుకు వచ్చినావురా’ అన్నాను. ఎనిమిదేళ్లాయ మాటల్లేక. ఏం రాయాలో తెలియడంలా.”

“ఏదో ఒకటి అనన్నా. ముందు పో” అన్నాను.

ఆదివారం వెళ్లారు. సోమవారం వచ్చి, “మంచినీళ్లు అడిగినాను. ఇచ్చినాడు. తాగి వచ్చేసినాను” అన్నారు.

“అంతేనా?”

“అంతే. మళ్లీ పోతాలే.”

నోటుబుక్కులో ఒకటో అంకె పక్కన ‘మంచినీళ్లుండాయా?’ అని రాసుకున్నారు. మళ్లీ వెళ్లడానికి తీరలేదు. మూడు వారాలకే పోయారు.

సమాధి చేసిన మర్నాడు ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. అన్న కూర్చునే కుర్చీ చూపించాను. దాని అంచున కూర్చున్నాడు.

“ఈడ నవ్వేవాడంట గదా?”

“రోజూ నవ్వేవారు.”

“ఎట్టా నవ్వేవాడమ్మా? నాకు గుర్తు రావడంలా.”

ఆ నవ్వుకు టైపు మిషన్లు ఆగిపోయేవని చెప్పాను, నవ్వి చూపించడం చేతకాలేదు. తమ్ముడు తన తువ్వాలు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. బయట మర్రిపాడు బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లింది.