అక్క చెయ్యి వదిలి నడిచిన కిలోమీటరున్నర

మా అక్క సుభద్ర భీమవరంలో లెక్కల టీచరు. మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. డాక్టరు గారు నడవమన్నారు, మేము నడవనివ్వలేదు. మా గోదావరి జిల్లాల వాళ్లకు మర్యాదంటే మనిషిని కుర్చీలోంచి లేవనివ్వకపోవడమే. అక్క కాలు కింద పెట్టేలోపే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చేవాళ్లం, అందరికంటే ముందు నేను. చివరికి విసిగిపోయి, "కిలోమీటరున్నర నా అంతట నేను నడవగలిగితే బడికి వెళ్తాను, లేకపోతే ఉద్యోగం మానేస్తాను" అని తేల్చేసింది. అందుకే చదునుగా, నీడగా ఉండే దారి కోసం వెతికి రాజమండ్రి శివార్లలోని నగరవనం ఎంచుకున్నాం.

ఆదివారం ఆరింటికి కారులో బయలుదేరి, తణుకులో ఇడ్లీ తిని, రావులపాలెం మీదుగా ఎనిమిదిన్నరకు చేరాం. టికెట్ మనిషికి ఇరవై రూపాయలు. చుట్టూ తిరిగి మళ్లీ గేటుకే వచ్చే మట్టిదారి, సరిగ్గా కిలోమీటరున్నర. మెట్లు లేవు, చక్రాల కుర్చీ కూడా సులువుగా పోతుంది. కొద్ది దూరానికో బెంచీ ఉంది. టేకు చెట్ల కింద ఎండ పెద్దగా తగల్లేదు. పిట్టలు బాగా కూస్తున్నాయట, అక్క చెప్పింది. నాకు తన పాదాలు తప్ప ఏమీ పట్టలేదు. చిన్న పుల్ల కనిపించినా మోచెయ్యి పట్టుకున్నాను, బెంచీ కనిపిస్తే కూర్చోమన్నాను. మూడో బెంచీ దగ్గర అక్కకి ఒళ్లు మండింది.

"నువ్విలా పట్టుకుంటే నడిచింది నేనో నువ్వో ఎలా తెలుస్తుందే?"

అక్కడ ఆకులు ఊడుస్తున్న నగరవనం పనావిడ రత్నం గారు చీపురు ఆపి నవ్వారు. "మీరు ముందెళ్లిపోండమ్మా. పక్కనుంటే మీ చెయ్యి ఊరుకోదండి. ఇక్కడ నేనున్నాను కదా, ఆవిణ్ణి చూసుకుంటాను."

వెళ్లాను. వెదురు పొదల మలుపు తిరిగాక అక్క కనబడలేదు. నిజంగా భయమేసింది. రెండుసార్లు వెనక్కి వెళ్లబోయి ఆగిపోయాను. గేటు దగ్గర పావుగంట కూర్చున్నానో లేదో, అక్క వచ్చింది. చెమటలు కక్కుతూ, కాస్త కుంటుతూ, ఒక్కతే. నేను పక్కకు జరిగి చోటిచ్చినా కూర్చోలేదు. నిలబడే హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి, "రేపట్నుంచి వస్తానండి" అంది.

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే కాదు. ఇన్నాళ్లూ ఆమె మోకాలికి నా ప్రేమే అడ్డుపడిందని తెలిసి సిగ్గేసింది కూడా. ఇలాంటి మనిషిని మీరూ తీసుకెళ్తుంటే ఎండెక్కకముందే చేరుకోండి. నీళ్ల సీసా వాళ్ల చేతికే ఇచ్చి, మీరు ఒక మలుపు ముందు నడవండి.