గోటితో రంగు గీకే మా మేనత్త

మా మేనత్త పోయింది. పొద్దున్నే బనగానపల్లె నుంచి డోనుకు వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు డ్రైవరు మా వాకిట్లో హారన్ కొట్టాడు. నేను బయటికి రాగానే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది. "మీ అత్త తెల్లారుజామున పాయమ్మా. నిద్రలోనే పాయ. జరమని పక్కింటోళ్లు వాళ్ల రంగుల మంచం ఇచ్చినారు గదా, దాని పట్టె ఒకపక్క అంతా గీకేసి ఉండాది" అన్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకాలే నవ్వు కూడా వచ్చింది. చావు కబురు విని నవ్విందేమిటని మీరు అనుకోవచ్చు. ఆమెను ఒక్కసారి చూసి ఉంటే అట్లా అనుకోరు.

ఆమె మా నాన్నకు అక్క. మా అమ్మ లేకపోవడంతో నన్ను పెంచింది ఆమే. మా మామ మిషను బడికి, మా క్రైస్తవుల గుడికి బల్లలు చేసిన వడ్రంగి. ఆయన పోయాక అత్త కొత్త సామాను జోలికి పోలేదు, పాతవాటిని పట్టుకుంది. ఊళ్లో ఎవరింట్లో మసిపట్టిన పెట్టె ఉన్నా, పెచ్చులూడిన తలుపు ఉన్నా అది మా వసారాలోకి రావలసిందే. ఆమె రంగు పూయదు, వార్నీషు పూయదు. ఉన్న రంగంతా ఊడబెరికి, లోపలి కట్టెను బయటికి తెచ్చి, నూనె తాగించి పంపించేది. ఆమెకు తెలిసిన విద్య అంతే.

అబ్బ, కానీ ఆ రంగు ఊడే ఘడియ మీరు చూడాలి! ముందు చౌడు మట్టి, సున్నం కలిపి ముద్దగా పట్టించేది. అది నాని బుడగలు కట్టాక గాజుపెంకుతో ఒక్క గీత గీసేది. ఆ గీత వెంట లోపలి కట్టె తొంగిచూడగానే వీధి వీధంతా వినపడేట్టు, "రాండ్రి, రాండ్రి! మొగం కనబడతాండాది!" అని కేకేసేది. మజ్జిగమ్మే ఆమె కుండ దించి వచ్చేది. మగ్గం వదిలి సాలాయన వచ్చేవాడు. తలా ఒక మాట. టేకంటారు, వేపంటారు, తుమ్మంటారు. అత్త మాటే ఎక్కువసార్లు నెగ్గేది. నెగ్గకపోతే మాత్రం ఓడినట్టు ఒప్పుకునేది కాదు. "నేను చెప్పింది నిజమే. ఈ కట్టే అబద్ధమాడతాండాది" అనేది!

ఎక్కడికి పోయినా కుడిచేతి బొటనవేలి గోరు ఊరుకునేది కాదు. నా పెళ్లిరోజు గుడిలో అయ్యగారు "కళ్లు మూసుకుందాం" అన్నారు. అందరం మూసుకున్నాం. నిశ్శబ్దంలో గరగరమని చప్పుడు. అయ్యగారు ప్రార్థన ఆపేశారు.

"ఏమమ్మా, దేవుని మందిరంలో ఏం గోకుతాండావు?"

"టేకయ్యా, టేకు! మా ఆయన ఇంత మంచి టేకు బల్ల చేసిస్తే పైన ఎర్రరంగు ఎవరయ్యా పూసింది? పాపం గాదా?"

మొదట నవ్వింది పెళ్లికొడుకే. ఆ నవ్వు చూసే, సరే, ఈయనతో కాపురం చేయవచ్చు అనుకున్నాను. ఆ బల్ల మీద అరచేయంత మేర ఇప్పటికీ రంగు లేదు.

నోరు మాత్రం మంచిది కాదు. ఒక పెద్దమనిషి తన తాత కుర్చీ తెచ్చి, పాలిష్ పెట్టి తళతళ మెరిపించమన్నాడు. "మెరుపు కావాలంటే అద్దం కొనుక్కోపో నాయనా. కుర్చీ కూర్చోనీకి" అని కుర్చీ తిరిగి ఆయన నెత్తికెత్తింది. ఆయన కోపంగా పోయి, మర్నాడు మళ్లీ అదే కుర్చీతో వచ్చాడు. అంతే మరి, ఆమె చేతిలో పడిన కట్టెను చూసినవాళ్లు ఇంకొకరి దగ్గరికి పోలేరు. చింతపండు పులుసుతో సున్నం విరగ్గొట్టి, గరుకాకుతో నునుపు చేసి, ఎండలో ఆరబెట్టేది. ఆత్మకూరు సంతలో చెంచులు అమ్మే తేనెమైనాన్ని వెచ్చటి వేరుశనగ నూనెలో కరిగించి అరచేత్తో రుద్దేది. గుడ్డ వాడేది కాదు. మా సీమలో ఎండాకాలం నీళ్లకంటే నూనె దొరకడం సులువు. "మనకు దప్పికైతే నీళ్లు, కట్టెకు దప్పికైతే నూనె. అడుగుతాండాది, పొయ్యాల" అనేది. రుద్దుతూ ఉంటే కట్టె నిజంగానే గుటకలు వేస్తున్నట్టు ఉండేది.

ఇక ఊయల తొట్టి సంగతి చెప్పాలి. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నదే దానికోసం.

నాకు మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఒకరు పురిట్లోనే పోయారు. ఒకరు బోసినవ్వులు నవ్వే వయసు దాకా వచ్చి, పన్నైనా రాకముందే పోయారు. రెండుసార్లూ మామిడి చెక్కతో చిన్న పెట్టె చేశారు. కాపు తగ్గిన చెట్లు కొట్టేస్తారు కాబట్టి మావైపు సమాధి పెట్టెలకు ఎక్కువగా మామిడే వాడతారు. ఆ పాలిపోయిన చెక్క, దాంట్లో పచ్చటి బూడిదరంగు చారలు నా కళ్లలో అట్లాగే నిలిచిపోయాయి. మూడోసారి కడుపుతో అత్త దగ్గరికి వచ్చినప్పుడు, ఊయల పేరు, ఉగ్గుగిన్నె పేరు నా ముందు ఎత్తవద్దని చెప్పాను.

ఆమె వింటుందా? బిడ్డలు దక్కని ఇంటికి, నిండుగా పిల్లలు బతికిన ఇంటి నుంచి పాతగుడ్డ తెచ్చి పుట్టిన బిడ్డకు చుట్టడం మావైపు అలవాటే. "గుడ్డముక్క ఏం సరిపోతాది? తొట్టే తెస్తా" అని లేచింది. మామిడితోట సాయిబుగారి తల్లి దగ్గరికి పోయింది. ఆమెను ఊరంతా దాదీ అనేవాళ్లు. ఇల్లంతా కొడుకులు, కూతుళ్లు, మనవలు. "తీస్కపోమ్మా. మావోళ్లందురూ దీంట్లోనే పెరిగినారు. అల్లా దయ, ఒక్కరూ జారిపోలే" అని దాదీ తొట్టి ఇచ్చేసింది. నిప్పులు చెరిగే ఎండలో అత్త దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చింది.

దాని మీద రంగు చూసి నాకు కళ్లు తిరిగాయి. బిడ్డ పుట్టినప్పుడల్లా వాళ్లు ఒక పూత పూశారట. "ఇంకొక పూత వేసి వదిలెయ్యి అత్తా, వాళ్ల మాదిరే" అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందామ్మే? పండ్లొచ్చేటప్పుడు బిడ్డ పట్టె కొరుకుతాది. రంగంతా కడుపులోకి పోదా?"

బిడ్డకు పండ్లు వస్తాయని ఆమె అంత తేలిగ్గా అనేసింది. అంత దూరం ఆలోచించే ధైర్యం నాకు అప్పటికి లేదు.

గీకడం మొదలుపెట్టింది. "ఇదిగో పచ్చ, ఇది చివరోడిది! నీలం వచ్చె, ఇది డోనులో మామిడికాయల గంప ఎత్తుతాడే, వానిది! ఎరుపు, ఇది దాదీ గయ్యాళి కూతురిదే, సందేహం లేదు!" పూత పూతకూ ఒక కేక. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఇంత పొట్ట పెట్టుకుని గరుకాకు పట్టుకుని కూర్చున్నాను. కట్టె ఏమిటన్నది ఇక పందెం. "టేకు. కాకుంటే నా చెవి కోయించుకుంటా" అన్నది అత్త.

చివరి పూత ఊడింది. ఆమెకంటే ముందు నేనే గుర్తుపట్టాను. పాలిపోయిన చెక్క, పచ్చటి బూడిదరంగు చారలు. చేతిలో ఆకు జారిపోయింది.

"అత్తా, ఇది మామిడి."

ఆమె గాజుపెంకు కింద పెట్టింది. ఆమె నోరు పడిపోవడం చూడటం నాకు అదే మొదలు.

"ఇది పెట్టె చెక్క. నా బిడ్డను దీంట్లో పండుకోబెట్టను. ఇచ్చిరాపో. ఇప్పుడే ఇచ్చిరాపో!" అని గట్టిగా ఏడ్చాను. లోపలికి పోయి గోడకు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత బయట గాజుపెంకు మెల్లగా గీసుకునే చప్పుడు వినిపించింది. ఇంతలో ఒక్కసారిగా పైకప్పు ఎగిరిపోయేట్టు కేక.

"రామ్మే! బిరీన రా! ఏడ్చుకుంటానే రా, పర్వాలే!"

ఆమె నా వేలు పట్టుకుని తొట్టి పైపట్టె మీద ఆనించింది. అక్కడ చిన్నచిన్న గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, పట్టె పొడుగునా. రంగు పూతలు వాటిని పూడ్చేసి ఇన్నాళ్లూ దాచిపెట్టాయి.

"పురుగు తిన్నదా?" అన్నాను.

"పురుగు గాదు, పండ్లు! పాలపండ్లు! ఆ ఇంట్లో పిల్లోళ్లంతా ఈ కట్టె కొరుక్కుంటానే పెద్దోళ్లయినారే! పెట్టెలో పండుకున్న బిడ్డ కొరుకుతాదా, చెప్పు? మామిడే, కాదనను. కట్టెదేం తప్పే? నీ బిడ్డా కొరుకుతాది. ఈడ, ఈ పక్కన. చూస్తాండు నువ్వు!"

ఆమె కళ్ల నిండా నీళ్లు. నవ్వుతోంది. నేనూ అంతే. వీధి వీధంతా వచ్చింది. దాదీని చెయ్యి పట్టి నడిపించుకొచ్చారు. ఆమె పట్టె అంతా తడిమి ఒకచోట ఆగిపోయింది. "ఇది మా పెద్దోడే! వానికి ముందరి పండ్ల నడుమ సందు ఉండాది గదా, చూడండి, గాట్ల నడుమ కూడా సందే!" గడ్డం నెరుస్తున్న ఆ పెద్దోడిని తోట నుంచి పిలిపించి, అందరి ముందూ నోరు తెరిపించారు. సరిగ్గా అదే సందు! ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. పందెం ఓడినందుకు చెవి సంగతేమిటని నేను అడిగితే, "చెవి కోసుకుంటే నీ బిడ్డ ఏడుపు ఎట్లా వినేది?" అని తప్పించుకుంది.

ఆ గాట్లను ఆమె నునుపు చేయనివ్వలేదు. వేలికొసతో ఒక్కొక్క గుంటలో నూనె పెట్టింది.

నా కూతురు పుట్టింది. తొట్టి డోనుకు వచ్చింది. వీలు దొరికితే చాలు, అత్త బస్సెక్కి దిగేది. దిగగానే బిడ్డను ఎత్తుకునేది కాదు, మమ్మల్ని పలకరించేది కాదు, నేరుగా పోయి పట్టె తడిమేది. "ఇంకా లేదు" అని కూర్చుని కాళ్లు చాపుకునేది. పిల్లకు జ్వరం వచ్చిన ప్రతిసారీ నేను చచ్చి బతికాను. ఆమె మాత్రం పట్టె తడుముతూనే ఉండేది. ఒకరోజు తడిమిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆమె వేసిన కేకకు గూడ్సుబండి ఆగి ఉంటుందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

ఆ పిల్లే పెరిగి పెద్దదై, పెళ్లై, మొన్న చలికాలంలో పురిటికి మా ఇంటికే వచ్చి కొడుకును కన్నది. వాడూ అదే తొట్టిలో. పోయిన నెల అత్త వచ్చింది. చూపు తగ్గింది, నడుము వంగింది. అయినా ముందు పట్టె తడిమింది. "ఇంకా లేదు. నేను మళ్లా వస్తా, నాకు చూపియ్యకుండా నూనె పుయ్యొద్దు" అని బస్సెక్కింది. మళ్లీ రాలేదు.

మేమంతా అదే బస్సులో బనగానపల్లెకు పోయాం. వాకిట్లో పెట్టె సిద్ధంగా ఉంది. మామిడి చెక్కే. పక్కన నల్లరంగు డబ్బా, బ్రష్షు. పెట్టె చేసిన పిల్లవాడు బ్రష్షు ముంచబోయాడు. నాలోంచి ఆమె గొంతే వచ్చింది: "రంగు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!" అయ్యగారు తల పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు. వసారాలో ఆమె నూనె ముంత ఉంది, మైనం ఉంది. నేనూ నా కూతురూ గుడ్డ వాడకుండా ఆ పెట్టెకు నూనె తాగించాం. నాకు ఇంతకాలం భయంగా ఉన్న ఆ చెక్క నా అరచేతుల కింద వెచ్చగా, తేనెరంగుగా మారింది. ఎంత బాగుందో! ఆమె చూసి ఉంటే ఊరిని పిలిచేది.

మర్నాడు సాయంత్రం డోనుకు తిరిగి వచ్చాం. మనవడిని తొట్టిలో వేసి, నేను పక్కనే చతికిలబడ్డాను. వాడు పట్టె పట్టుకుని లేచాడు. బోసినోటితో కాసేపు చప్పరించాడు. తర్వాత నోరు అక్కడే బిగించి, నా వైపు చూస్తూ, కొరికాడు.

టిక్కుమని చిన్న చప్పుడు.

వాడి ముఖం పక్కకు జరిపి వేలు పెట్టి చూశాను. వాళ్లమ్మ గాటు పక్కనే సన్నటి కొత్త గాటు. నేను వాకిట్లోకి పరుగెత్తి, "రాండ్రి, రాండ్రి!" అని అరిచాను. ఎదురింటి ఆమె పొయ్యి వదిలి వచ్చింది, పక్కింటి పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరే వంగి ఆ గాటులో వేలు పెట్టి చూశారు. అందరూ చూసి పక్కకు జరిగాక నేను మళ్లీ వేలు పెట్టాను. అది ఇంకా తడిగానే ఉంది.