అమావాస్య నాటి నీటి వంతు

నాకు నోరెక్కువ. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు పాఠం చెప్పాను. తాతల నాటి పౌరోహిత్యం ఎటూ చేతిలోనే ఉంది. ఊళ్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు మా అరుగు మీదికొచ్చి తిథి అడుగుతారు. ఇంక నోరు పెరగక ఏమవుతుంది? చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత పిల్లలకి ఎన్నిసార్లు విడమరిచి చెప్పానో లెక్కలేదు. అది నా గురించేనని తోచడానికి మాత్రం ఒక దాళ్వా పంట పోవాల్సి వచ్చింది.

ఆ పంట కూడా నాది కాదు. అమలాపురంలో ఓడలరేవు ఆటో ఎక్కి సగం దారిలో దిగితే మా ఊరు. కాలువకి శివారు, ఎగువ వాళ్లందరూ తాగగా మిగిలిన నీళ్లే మాకు. మా ఎకరన్నర చెక్క ఒకతను కౌలుకి చేస్తున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మాట తక్కువ, పని ఎక్కువ. ఏం చెప్పినా తలవంచుకుని “ఆయ్” అంటాడు. భార్య, అయిదేళ్ల కూతురు, ఒక సైకిలు, అంతే అతని సంసారం.

రెండేళ్ల కిందట ఆలమూరులో మా బావమరిది చేను చూసొచ్చాను. చలికాలంలో నారు ఊడ్చి ఎండలు ముదిరేలోగా కోసుకునే దాళ్వా వరి, గింజ యూరియా చల్లకుండా, ఒక్క జీవామృతం మీద పచ్చగా నిలబడి ఉంది. ఇంకేం, నాకు పూనకం వచ్చింది. ఇంట్లో నాటావు ఉంది, పేడకీ పంచితానికీ కొదవలేదు. మర్నాడే అమలాపురం వెళ్లి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఆటోలో వేసుకొచ్చాను.

“యూరియా బొత్తిగా మానేద్దావంటారాండీ? సగం చేలో ఏసి చూద్దావేవోనండి,” అన్నాడు అతను.

“సగం సగం పనులు నాకు నచ్చవయ్యా. మానేస్తున్నాం.”

“ఆయ్. మీ ఇట్టవండి.”

ఆ డ్రమ్ము మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడన పెట్టాం. పేడ, పంచితం, బెల్లం, శనగపిండి, చేనిగట్టు మీది గుప్పెడు మట్టి, నిండా నీళ్లు. పైన గోనెపట్టా కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి, అదీ ప్రదక్షిణంగా కుడివైపుకే. కలిపే పని అతని భార్య పెట్టుకుంది. మొదటిరోజు గోనె తీయగానే చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “అమ్మగారండీ, కడుపులో తిప్పేత్తందండి బాబూ!” అని అరిచింది.

“పరవాన్నం అనుకున్నావేమిటే? మా ఆయన వంట అలాగే ఉంటుంది,” అంది మా ఆవిడ.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాలుగోరోజుకి ఆ వాసన అతని భార్యకి అలవాటైపోయింది. కలుపుతూ మా ఆవిడతో కష్టసుఖాలు చెప్పుకునేది. వాళ్లక్క అప్పటికే కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తోంది, నువ్వూ వచ్చెయ్యమని ఫోను మీద ఫోను. పాస్‌పోర్టు కూడా వచ్చేసి బీరువాలో ఉంది. “ఈ దాళ్వా గట్టెక్కితే ఎక్కడికీ ఎల్లనండి. పిల్లనొదిలేసి ఎల్లడవంటే పేణం పోయినట్టుంటదండి. గట్టెక్కకపోతే మటుకు తప్పదండి,” అనేది. పక్కనే ఆ పిల్ల చెంగు పట్టుకుని నిలబడి ఉండేది. నేను అరుగు మీద కూర్చుని అన్నీ వింటున్నవాణ్ణే. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

మొదటి రెండు దఫాలూ అద్భుతంగా జరిగాయి. బోదెలోంచి చేలోకి నీళ్లు దిగే గండి దగ్గర డ్రమ్ము పెట్టి, కింది కుళాయి సన్నగా తిప్పేవాడు అతను. నీటితో పాటు జీవామృతం పారి మడి మూలమూలకీ అందేది. నెల తిరిగేసరికి చేను కంటికి నిండుగా దుబ్బు కట్టింది. వానపాములు పైకొచ్చాయని అతనే పరుగున వచ్చి చెప్పాడు. నేనా, ఇంక పట్టపగ్గాల్లేవు. ఊళ్లో కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి ఉపన్యాసమే.

మూడో దఫా పొట్ట దశలో పడింది. వరికి కడుపు పండే వేళ అది, నీళ్లూ బలమూ తప్పకుండా అందాలి. డ్రమ్ము తయారుగా ఉంది. కాలువకి అప్పటికే వంతులు పెట్టారు, మా బోదెకి కొన్నాళ్లు నీళ్లు వదిలి కొన్నాళ్లు కట్టేస్తారు. ఆ వంతు సరిగ్గా శివరాత్రినాడు మొదలైంది. శివరాత్రి పూటంతా నేను గుళ్లో అభిషేకాల్లో మునిగి ఉన్నాను, నన్నడక్కుండా అతను డ్రమ్ము కదపడు. మర్నాడు అమావాస్య. తెల్లారేసరికి అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“నీళ్లొచ్చేయండి. డ్రమ్ము తీసుకెళ్లిపోతానండి.”

“ఇవాళా? ఇవాళ అమావాస్య కదయ్యా! అమృతం అని పేరు పెట్టుకున్నదాన్ని ఎవడైనా అమావాస్య పూట పోస్తాడా?”

“అయితే నీళ్లొకటీ పెట్టేసుకుంటానండి.”

“ఇప్పుడు మడి నింపేస్తే తర్వాత జీవామృతం దేనితో పారిస్తావు? రేపు పాడ్యమి, అదీ బాగోదు. ఎల్లుండి విదియ, దివ్యంగా ఉంది. రెండూ కలిపి ఎల్లుండి పెడుదువుగాని.”

అతను వెంటనే ఆయ్ అనలేదు. గుమ్మం పక్క గోడని గోటితో గీకుతూ, “లస్కరు గారిని అడిగేనండి. రేపు సాయంత్రానికి తూం దించేసినా దించేత్తారన్నారండి,” అన్నాడు. కాలువ మీద లాకులు చూసే లస్కరు మాట అది.

“వంతంటే వంతే. విదియ దాకా నీళ్లెక్కడికీ పోవు. నామాట విను,” అన్నాను. ఏ అధికారంతో అన్నానో ఆ పరమేశ్వరుడికి తెలియాలి. కాలువ నా చేతిలో ఉందా, తూము నా చేతిలో ఉందా? ఉన్నది పంచాంగం ఒక్కటే.

“ఆయ్. అలాగేనండీ,” అని అతను వెళ్లిపోయాడు.

అతనికి తెలుసు. అది నాకు ఇవాళ బాగా అర్థమవుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ బురదలో బతికినవాడికి నీళ్ల సంగతి నాకంటే తెలియదా? కానీ మావైపు పెద్దవాళ్ల మాట కాదనడం ఉండదు. ఎదురు చెప్పాల్సింది కూడా అండీ పెట్టి, తలవంచుకుని, సగంలో ఆపేస్తారు. ఆ సగం మాట వినిపించుకోవాల్సింది అవతలివాడు. నేను వినిపించుకోలేదు.

పాడ్యమి సాయంత్రం తూము దించేశారు. విదియ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పెద్దమనిషిలా గట్టు మీదికి వెళ్లాను. డ్రమ్ము గండి దగ్గర సిద్ధంగా ఉంది. బోదెలో అడుగున బురద, అందులో నాలుగు చేపపిల్లలు కొట్టుకుంటున్నాయి. అతను గట్టు మీద గొంతుకూర్చుని వాటినే చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పైగా తువ్వాలు భుజం మీంచి తీశాడు కూడా.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ ఏడు మరీ అన్యాయంగా ఎండ కాసింది. మురుగుకాలువలో నీళ్లున్నాయి గానీ సముద్రం పోటుకి ఎక్కిన ఉప్పునీళ్లవి, అవి పెట్టే కంటే ఎండబెట్టడమే నయం. పది రోజులు కాలువలో చుక్క లేదు. చేను బీటలు వారింది. పక్క చేనాయన అమావాస్యనాడే మడి నింపుకున్నాడు, ఆయన వరి కళకళలాడుతూ ఉంది. డ్రమ్ములోది పులిసి పులిసి ఎందుకూ పనికిరాకుండా పోతే కొబ్బరిచెట్ల మొదట్లో పారబోశాం.

“ఆ పంచాంగం పిండి చూడండి, చెంబుడు నీళ్లొస్తాయేమో,” అంది మా ఆవిడ. తర్వాత ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నీ దించి వెతికాను. అమావాస్యనాడు చేనికి నీళ్లు పెట్టకూడదని ఎక్కడా లేదు. అరక కట్టకపోవడం వాడుకలో ఉంది, పశువుకి విశ్రాంతి. నీళ్లకి ఏ నిషేధమూ లేదు. ఆ శాస్త్రం నేనే పుట్టించాను. రాసిన పుస్తకం నా నోరే.

కోతమిషను చేలో తిరుగుతుంటే వెనకనుంచి తాలు పొట్టులా ఎగిరింది. సగానికి సగం వట్టి గింజలే. ఆ ఏడు నాకు కౌలు వద్దన్నాను. అదేం గొప్పతనం కాదు, తీసుకుంటే ఆ అన్నం నా గొంతు దిగేది కాదు. ఊళ్లో ఎవరైనా ఏమైందని అడిగితే, “ఎండ ఎక్కువైపోయిందండీ ఈ ఏడు,” అనేవాడు అతను. ఒక్కసారంటే ఒక్కసారి నా పేరెత్తలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గానీ, ఈ కాకికి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా నొప్పే. నాలుగు తిట్టినా బాగుండేది.

జ్యేష్ఠ మాసంలో ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ అరుగు మీదికొచ్చారు. రాజోలు ఏజెంటు దగ్గర్నుంచి వీసా వచ్చిందట, టిక్కెట్టు కూడా తీసేశారు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, పిల్లని చంకనెత్తుకుని ఉంది. ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల, కాళ్లు ఆవిడ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. నాకు ఆవిడ ముఖం చూడబుద్ధి కాలేదు.

“వచ్చే బేస్తవారం మూడు గంటల బస్సుకి బయల్దేరాలండి. అక్కణ్ణించి హైదరాబాదెల్లి ఇమానం ఎక్కాలండి. ఏళ ఎలాగుందో కాస్త సూత్తారేవోనని,” అన్నాడు అతను.

నా దగ్గరికొచ్చారు! పంట ఎండబెట్టిన ఆ నోటితోనే మంచి ముహూర్తం చెప్పించుకుందామని వచ్చారు. పంచాంగం తీశాను. ఆ రోజు నవమి, ప్రయాణానికి ఎవడూ కాలు బయటపెట్టని తిథి. సరిగ్గా మూడు గంటల వేళకి వర్జ్యం. మారుద్దామంటే టిక్కెట్టు మారదు. చెబితే ఆ పిల్లనొదిలి వెళ్లే తల్లి ఆ భయాన్ని కూడా మూటగట్టుకుని వెళ్లాలి.

పంచాంగం మూసేశాను. “దివ్యంగా ఉందమ్మా. ఇంతకంటే మంచి వేళ లేదు. నిశ్చింతగా వెళ్లిరా,” అన్నాను.

“ఆయ్. మీరన్నారంటే ఇంకేవుందండీ,” అని అతను దణ్ణం పెట్టాడు. ఆవిడ కూడా పిల్లని దింపి వంగి నా కాళ్లకి మొక్కింది.

డెబ్భై ఏళ్లకి దగ్గరపడుతున్నాను, పంచాంగం చేతిలో పట్టుకుని అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. అంత తేలిగ్గా వచ్చింది నోటికి. ఆ మాటే శివరాత్రి మర్నాడు, అతను గుమ్మంలో గోడ గీకుతూ నిలబడ్డప్పుడు చెప్పి ఉంటే, ఆవిడ ఇవాళ మా పెరట్లో డ్రమ్ము కలుపుతూ ఉండేది.