సూదుల పిన్ని

మా పిన్ని పోయింది. మూడేళ్లు డయాలసిస్ మీద నెట్టుకొచ్చి, పోయిన నెల్లో గోపాలపట్నంలో మా ఇంట్లోనే కన్నుమూసింది. పాడె లేవకముందే మా బావ నోరు లేచింది. ఆటోనగర్‌లో లేతు మిషన్ల షాపు ఆయనది. టీ చప్పరిస్తూ, "ఆ కరోనా సూదులే సంపేసినాయి బావ. యాంటీబాడీలు ఎక్కువైపోనాయి," అన్నాడు. పిన్ని కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పింది కరోనా ఊసే లేనప్పుడు. ఆ రోజు ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నాడీ మహానుభావుడు.

పిన్ని ముప్పై ఏళ్లు జాలరి పేటల్లో పిల్లలకి టీకాలేసిన నర్సు. అక్కడి ఆడవాళ్లు బిడ్డని ఇచ్చేముందు ఆవిడ టీకాల పెట్టె మూత తీయించి, లోపల చెయ్యి పెట్టి చూసేవారట. "అయిసు ఉందా నేదా?" అని. ఐసు లేని చేప గతేంటో తెలిసినవాళ్లు మరి. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. పిన్ని మాత్రం, "నన్ను సరిగ్గా తనిఖీ చేసింది వీళ్లేరా," అని మురిసిపోయేది.

చదువుకున్న మా బావ సంగతి చూడండి. కరోనా తగ్గాక యాంటీబాడీ టెస్టు చేయించుకుని, ఆ రిపోర్టుకి లామినేషన్ కొట్టించి, షాపులో అప్పన్నస్వామి పటం పక్కన తగిలించాడు. అగరొత్తులొక్కటే తక్కువ.

"అది ఆ రోజు రక్తం సంగతి బాబూ, జీవితాంతం గ్యారంటీ కార్డు కాదు," అంది పిన్ని.

"మీకేటి తెల్సు అత్తా, నాను వీడియో సూసినాను," అన్నాడు. ముప్పై ఏళ్ల నర్సుతో!

ఇదంతా నవ్వి వదిలేద్దును. కానీ పదోరోజు భోజనాల దగ్గర ఆయన మా అమ్మాయి చెవిలో ఊదాడు. మనవరాలికి తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకా వేయించాలి. "తల్లి యాంటీబాడీలుండగా పాపకి సూదెందుకమ్మా, మానేయ్," అన్నాడు. చిన్నప్పుడు తన టీకాలన్నీ పిన్ని చేత్తోనే వేయించుకున్న పిల్ల, తలూపింది. పిన్ని ఎన్నోసార్లు చెప్పిన మాటే అందరి ముందూ చెప్పాను. కడుపులో ఉండగా తల్లి ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తరిగిపోతుంది. అందుకే తొమ్మిదో నెలలో సూది. "నీ వీడియోకి తట్టు భయపడుద్దా బావ?" అని అడిగాను. విస్తట్లోకి చూస్తూ పెరుగన్నం కలుపుకున్నాడు.

బుధవారం మా అమ్మాయినీ, పాపనీ తీసుకుని దువ్వాడలో ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. సూది పడగానే పాప గుక్కపట్టింది. అక్కడి నర్సు ఒకప్పుడు పిన్ని దగ్గర పని నేర్చుకున్న మనిషి. "అరగంట కూర్చుని వెళ్లండి," అంది. రెండు నిమిషాల్లో పాప ఏడుపు మాని నా చొక్కా బొత్తాం లాగడం మొదలెట్టింది. మా అమ్మాయి మాత్రం ఆ అరగంటా ఏడుస్తూనే ఉంది.