మోత లేని తుపాకీ

మొన్న ఆదివారం చర్చి నుంచి నంద్యాలలోని మా ఇంటికి వచ్చేసరికి, మా తమ్ముడి మనవరాలు వరండాలో సెల్‌ఫోన్ ముందేసుకుని నా కోసం కాచుకుని ఉంది. కాలేజీలో చేరిన ఏడాదే గురి కాల్చే పోటీల్లో దానికి కాస్త పేరొచ్చింది. ఇన్నాళ్లూ క్లబ్బువాళ్ల తుపాకీతో నెట్టుకొచ్చింది గానీ, ఇప్పుడు సొంతంగా ఒక ఎయిర్ రైఫిల్ కొనిస్తామన్నారట ఇంట్లో. ఫోన్లో నల్లవీ నీలివీ బొమ్మలు ఒకదాని వెనక ఒకటి జరుపుతూ, దేన్ని ఎంతమంది మెచ్చుకున్నారో చదివి వినిపిస్తూ, "జేజీ, వీటిల్లో ఏది బాగుంటాది?" అని అడిగింది. డెబ్బై దాటిన ఆడమనిషిని తుపాకీ గురించి అడగడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో చీర కొనేటప్పుడు నన్నెవరూ పిలవరు, నా ఎంపిక ఎంత అన్యాయమో అందరికీ తెలుసు కనుక. తుపాకీ సంగతి వేరు, అందులో నాకు తిరుగులేదు. బొమ్మ చూసి పెళ్లికొడుకునైనా ఒప్పుకోవచ్చు గానీ తుపాకీని ఒప్పుకోకూడదని చెప్పి ఫోను మూయించాను. ఆ మాట నాది కాదు, మా నాయనది.

మాది ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమ, నల్లరేగడి పొలాల మధ్య ఉండే చిన్న పల్లె. నాయన యుద్ధకాలంలో దండులో పనిచేసి వచ్చి, మిషన్ బడిలో అయ్యవారుగా కుదురుకున్నాడు. సేద్యమంతా పెదనాయన చూసుకునేవాడు. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి భూమి, పెదనాయన మాటే ఆఖరి మాట. వానాకాలం పోయి శనగ మొలకెత్తిందంటే చాలు, కుందేళ్లు గుంపులుగా దిగి లేత చిగుళ్లన్నీ కొరికేసేవి. అడవి జంతువుల్ని కాపాడే చట్టం అప్పటికింకా రాలేదు. ఇప్పుడు కుందేలును కొడితే నేరం, అలా కావడమే న్యాయమని నేనూ ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పంట కాపలాకు తుపాకీ ఉంచుకోవడం మా దిక్కున మామూలే. ఎన్నో ఏళ్లు తిరగ్గా తిరగ్గా నాయన పేరు మీద లైసెన్సు వచ్చింది, అది కూడా ఒక్క తుపాకీకి.

ఆ ఒక్కటీ ఏది కావాలన్న దగ్గర నా బతుకు ముడిపడింది. అప్పుడు నేను నంద్యాల కాలేజీలో చదువుతూ ఎన్‌సీసీలో ఉండేదాన్ని. ఆడపిల్లలకు సన్న తూటా వేసే పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చి ఏడాదికోసారి కాల్పించేవాళ్లు. మొదటిసారే నా తూటాలన్నీ ఒక అరచేతి మేర పడ్డాయి. మాకు నేర్పే ఆమె నన్ను పక్కకు పిలిచి, ఎండాకాలంలో హైదరాబాదులో రాష్ట్రం జట్టుకు ఎంపిక జరుగుతుందనీ, ఇంటి దగ్గర చేయి అలవాటు తప్పకుండా చూసుకుంటే నాకు చోటు ఖాయమనీ చెప్పింది. ఇంటి దగ్గర అలవాటు చేసుకోవాలంటే ఇంట్లో చిన్న రైఫిల్ ఉండాలి కదా. రెండు గొట్టాల డబుల్ బ్యారల్ తుపాకీ వచ్చిందంటే అది పెదనాయన భుజానికే గాని నా భుజానికి రాదు.

పెదనాయన మనసులో ఉన్నది డబుల్ బ్యారలే. మా దిక్కున తుపాకీ అంటే గురి కాదు, మోత. పెళ్లి ఊరేగింపు కదిలేటప్పుడు పెద్దిళ్లవాళ్లు గాల్లోకి పేలిస్తే, ఆ మోత ఎన్ని ఊళ్లకు వినబడితే ఆ ఇంటికి అంత పెద్దరికం. పొరుగూరి తుపాకీ మోత విని అది ఎవరిదో చెప్పే మొనగాళ్లు ఉండేవాళ్లు. అదేం గర్వమోనని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

కర్నూలు కొట్టుకు ముగ్గురం వెళ్లాం. ఆడపిల్లెందుకని పెదనాయన గొణిగాడు, నాయన వినబడనట్టు నన్ను బస్సెక్కించాడు. కొట్టాయన వరసగా తీసి బల్ల మీద పెడుతుంటే, సంతలో ఎద్దును చూసినట్టు ఒక్కొక్కదాన్నీ నింపాదిగా చూశాడు నాయన. తూటా లేదని ముందు తానే తెరిచి చూసుకుని, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి వెనక నుంచి లోపలికి చూశాడు. లోపల మెలి తిరిగిన గీతలు తళతళమంటున్నాయా, తుప్పు మచ్చ ఏదైనా ఉందా అని. తర్వాత ట్రిగ్గర్. అది జారుతూ సాగుతూ రాకూడదట, ఎండు శనగగింజ పంటి కింద విరిగినట్టు ఒక్కసారిగా తెగాలట. పైన నగిషీ చెక్కినదాన్నీ మెరుగు పూసినదాన్నీ పక్కన పెట్టేసి, ఎవరో దొర వాడి వదిలేసిన ఒక పాత పాయింట్ టూటూను నా చేతికిచ్చాడు. కళ్లు మూసుకోమన్నాడు. మూసుకునే భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవమన్నాడు. తెరిచేసరికి గొట్టం చివరి గుర్తు దగ్గరి గాడిలో సరిగ్గా కూర్చుని ఉంది. వెతుక్కోవాల్సిన పనే లేదు. మనం తుపాకీ కోసం మెడ వంచకూడదు, అదే వచ్చి మన చెంప దగ్గర ఆగాలి అన్నాడు నాయన. నా మనసు అక్కడే దానికి చిక్కుకుపోయింది.

పెదనాయన దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "ఏందిరా ఇది? ఇంతదూరం వచ్చి ఈ పుల్లను పట్టుకుంటాండావు! దీంట్లో మోత యాడుండాది?"

"నీకు కుందేలు కావల్నా అన్నా, మోత కావల్నా? మోతే కావల్లంటే టపాకాయలు తీసకపోదాం" అన్నాడు నాయన. అన్నకు ఎదురు చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. లైసెన్సు నాయన పేరున ఉంది కనుక చివరికి ఆ పుల్లే ఇంటికొచ్చింది.

మా ఇళ్లల్లో కొత్తగా బండి కొన్నా, ఎద్దులు కొన్నా, ముందు అయ్యగారిని పిలిచి కృతజ్ఞత కూటం పెట్టుకోవడం ఆచారం. తుపాకీకీ పెట్టారు. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. తుపాకీ మీద ఏమని ప్రార్థించాలో తోచక పాస్టరయ్యగారు బండికి చేసే ప్రార్థనే చేసి, ఇది వెళ్లిన ప్రతిచోటి నుంచీ క్షేమంగా ఇల్లు చేరాలని ముగించారు. బొరుగులూ టీ అయ్యాక పెద్దలంతా మోత వినాలని దొడ్లోకి వచ్చి నిలబడ్డారు. నాయన మట్టికట్టకు గురిపెట్టి కాల్చాడు. టప్పుమంది. అరుగు మీద పడుకున్న కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. "పేలిందా అప్పా, ఇంగా పేలాల్నా?" అని అడిగాడొక పెద్దాయన. ఊరు ఊరంతా నవ్వింది. పెదనాయన కండువా దులుపుకుని లోపలికి పోతూ, శనగ కోతలు కాగానే దీన్ని ఇచ్చేసి డబుల్ బ్యారల్ తెచ్చుకుంటున్నామని తేల్చేశాడు. హైదరాబాదు ఎంపిక కోతల తర్వాత.

కోతలు ఇంకా దూరముండగానే ఒక తెల్లవారుజామున పెదనాయన తానే రైఫిల్ తీసుకుని చేలోకి బయలుదేరాడు. అది పనికిరాదని తన చేతుల మీదుగా రుజువు చేయాలని ఆయన పట్టుదల. వెనక నాయన, ఆ వెనక నేను. మంచుకు తడిసిన శనగాకు పులుపు కాళ్లకు తగిలి చురచురమంటోంది. గట్టు వారగా ఒక కుందేలు చిగుళ్లు కొరుకుతోంది. పెదనాయన గురిపెట్టాడు. అరువు తెచ్చిన డబుల్ బ్యారళ్లతో కాల్చిన అలవాటు ఆయనది. అవి భుజాన్ని గుద్దుతాయి కనుక పళ్లు బిగించి, మొహం పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని కాల్చాడు. తూటా ఎక్కడో మట్టిలో పడింది. వెంటనే తుపాకీ దించి ఇంటిదారి పట్టాడు. తప్పు ఆయనది కాదు, ఆ మోతకు అలవాటుపడ్డ వాళ్లెవరైనా అంతే చేస్తారు. డబుల్ బ్యారల్ ఒకసారి పేలాక చేలో పిట్ట కూడా మిగలదు, ఇక చూడాల్సిందేముంది? నాయన ఆయన చేయి పట్టుకుని ఆపి అటు చూపించాడు.

పెదనాయన నోరు తెరిచాడు. "ఆడనే ఉండాదిరా!"

కుందేలు చెవులు నిక్కించి ఒకసారి అటూ ఇటూ చూసి, మళ్లీ మేతలో పడింది. ఆయన రెండోసారి కాల్చాడు, మళ్లీ కళ్లు మూసుకున్నాడు, మళ్లీ తప్పింది. అది రెండు గెంతులు గెంతి కూర్చుంది. పెదనాయన కాసేపు దాన్నే చూసి, వెనక్కి తిరిగి రైఫిల్ నా చేతికిచ్చాడు. "నువ్వు కొట్టు పాపా. నా కండ్లు మూసకపోతాండాయి." అంత మనిషి, తమ్ముడి ముందు, ఆడపిల్లతో ఆ మాట అన్నాడు. చెంప ఆనించాను, ఊపిరి బిగబట్టాను, శనగగింజ విరిగింది. కుందేలు ఉన్నచోటే ఒరిగిపోయింది. దాని వెచ్చటి ఒళ్లు చేతికి తగిలినప్పుడు జాలివేసిన మాట నిజం, గర్వంతో గుండె పొంగిన మాట అంతకన్నా నిజం.

ఆ రోజు నుంచి పెదనాయన తిరగని రచ్చబండ లేదు. మోత లేకపోవడమే మా తుపాకీ గొప్పని, తానే ఏరి కోరి తెచ్చినట్టు చెప్పుకున్నాడు. మేమెవరమూ కాదనలేదు. కుందూ ఏటి ఒడ్డున మట్టికట్టకు కాగితం గుచ్చి, ఎండాకాలం వచ్చేదాకా రోజూ కాల్చాను. తూటా ఎక్కడ పడిందో పరుగెత్తి చూసొచ్చి చెప్పింది ఎవరనుకున్నారు, పెదనాయనే. జట్టులో చోటు దొరికింది, ఆ పేరు మీదే తర్వాత నంద్యాల ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు ఉద్యోగమూ దొరికింది, నా కాళ్ల మీద నేను నిలబడ్డాను.

చట్టం వచ్చాక వేట ఆగిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ ఆళ్లగడ్డ స్టేషనులో అప్పగించాలి. పాత దుప్పటిలో చుట్టి నాయనే తీసుకెళ్లేవాడు, అయిపోయాక ఆయనే తెచ్చి నూనె రాసి పెట్టేవాడు. ఆయన పోయాక లైసెన్సూ పోయింది, రైఫిల్‌ను అప్పగించేశాం. పాస్టరయ్యగారి ప్రార్థన ఆ ఒక్కసారి మాత్రం ఫలించలేదు.

నిన్న పిల్ల వెంట వాళ్ల క్లబ్బుకు వెళ్లాను. నాలుగైదు రైఫిళ్లు తెప్పించి ఉంచారు. అన్నీ కళ్లు మూసుకుని ఎత్తమన్నాను. ఒకటి బరువు, ఒకటి పొడుగు. నీలిరంగుది ఎంత బాగున్నా పిల్ల చెంపకు కుదరలేదు. చివరికి బొమ్మల్లో అది చూడనైనా చూడని ఒక సాదా రైఫిల్ దగ్గర కళ్లు తెరిచి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అక్కడున్న పిల్లల్లో ఒక్కరైనా మోత ఎంత అని అడగలేదు. మోతను చూసి మనిషిని కొలిచే కాలం పోయినందుకు సంతోషమే. కళ్లు మూసుకుపోతున్నాయని పైకి చెప్పి, తుపాకీ అందించే పెదనాయనలు కూడా పోయారు, దిగులంతా దానికే.

నువ్వూ ఒకసారి ఎత్తమని పిల్ల పట్టుబట్టింది. కళ్లు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆనించి తెరిచాను. ముందు గుర్తు లేదు, వెనక గాడి లేదు, వయసు తెచ్చిన మసక తప్ప ఏమీ కనబడలేదు. దించబోతుంటే పిల్ల నా భుజం మీదుగా వంగి, గాడిలో గుర్తు కూర్చుందో లేదోనని గొట్టం వెంబడి గురికాగితం దాకా చూసింది.

"ఆడనే ఉండాది జేజీ" అంది.