నాలుగో కొండ కింద ‘ఒగ్గీకు’ అన్నదెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకనే. మలేసియాలో, క్లాంగ్ ఊళ్ళో నేను సూపర్‌వైజర్‌గా పనిచేసే గ్లవ్స్ ఫ్యాక్టరీలో షిఫ్టుకో దయ్యం ఉంది. ప్యాకింగ్ సెక్షన్ దయ్యం వేరు, టాయిలెట్ దయ్యం వేరు. చదువుకున్న పిల్లలే, చేతిలో ఇంతింత ఫోన్లు పెట్టుకుని, ముగ్గురు కలిస్తే గాని బాత్‌రూముకి పోరు. వాళ్ళని తిట్టడం నా ఉద్యోగంలో భాగం. ఆ భాగం నేను మనస్ఫూర్తిగా చేస్తాను.

కాబట్టి ఇది చదివి నన్నూ ఆ బాపతులో కలిపేయకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరి గడ్డమూ పట్టుకోవడం లేదు.

నాకు ఒక్కడే తమ్ముడు, ప్రకాష్. కౌలాలంపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. ముప్పై దాటినా బుద్ధి రాలేదు. వాడికి రాళ్ళెక్కే పిచ్చి. సరదాకి ఎక్కి, నాలుగు దిక్కులూ చూసి దిగితే ఒక అందం. వీడికది చాలదు.

ఎడారి దేశాల్లో ఇసకరాతి స్తంభాలుంటాయట. వాటిని ఒకదాని తర్వాత ఒకటి, ఒకే రోజులో, పరిగెత్తినట్టు ఎక్కేస్తారట. ఎవరు తొందరగా ముగిస్తే వాళ్ళ పేరిట రికార్డట. ఆ వీడియోలు చూసి చూసి వీడికి బుర్ర తిరిగింది. మనకి ఎడారి ఎక్కడిది? ఉన్నవల్లా వానలూ జలగలూ. అయితేనేం, ఇపో ఊరి చుట్టుపక్కల నిటారుగా నిలబడ్డ సున్నపురాయి కొండలున్నాయి కదా. వాటిలో ఐదింటిని ఒక్క రోజులో ఎక్కి దిగాలని పట్టు పట్టాడు. అప్పటికే పీనాంగ్ వాళ్ళిద్దరు ఆ పని చేశారట. వాళ్ళకంటే ముందు ముగించాలి.

ఆ రికార్డు ఎవరిస్తారని అడిగాను. ఎవరూ ఇవ్వరు. కొలిచేవాడూ లేడు, సంతకం పెట్టేవాడూ లేడు. వీళ్ళే ఎక్కి, వీళ్ళే గడియారం చూసుకుని, వీళ్ళే చప్పట్లు కొట్టుకుంటారు. బోడి రికార్డు!

మరి నువ్వెందుకు వెళ్ళావంటారా? తాడు పట్టడానికి. పైకెక్కేవాడి నడుముకి కట్టిన తాడు దారిలో రాతి కొక్కేల్లోంచి పోతుంది, రెండో కొస కింద ఒక మనిషి దగ్గర ఉంటుంది. వాడు జారితే ఆ మనిషి ఆపాలి. ప్రకాష్ స్నేహితులు చేతిలో తాడు పెట్టుకుని ఫోను చూస్తారు. నేను చూడను. అందుకని రెండేళ్ళుగా వాడి తాడు నేనే పడుతున్నాను. బయల్దేరే ముందు మా అమ్మ ఒకటే మాట అంది.

“ఆడు సెప్తే ఇంటాడేటి? నువ్వెల్లు. తాడు నీ సేతుల ఉంటే నానింత నిద్దరోతాను.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎక్కేవాడు పైకి చేరాక, అక్కడ రాతిలో దిగ్గొట్టిన ఇనప కొక్కేలకి తనని తాను తగిలించుకుని కిందికి కేకేస్తాడు. అప్పుడు కింద ఉన్నవాళ్ళు తాడు వదిలేస్తారు. ఆ కేక తప్పు వింటే మనిషి పోయినట్టే. ఇంగ్లీషులో కేకలేస్తే పక్క గుంపుల కేకలతో కలిసిపోతున్నాయని మా వాడు తెలుగు మాటలు పెట్టాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని అంతగా నోరు తిరగదు. ఇంట్లో విన్న మాటల్లోంచి రెండు ఏరుకున్నాడు. వదిలెయ్ అనడానికి ‘ఒగ్గీ’. వదలకు అనడానికి ‘ఒగ్గీకు’.

“ఒరే, ఇంగ్లీషులో వద్దన్న మాట ముందొస్తాది. మనకి ఎనకొస్తాది. గాలికి ఆ ‘కు’ కాస్తా ఎగిరిపోతే నీ గతేటి?” అన్నాను.

“ఎగరదు లా, అక్కా. రిలాక్స్,” అన్నాడు, ఇక్కడి అందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి.

ఇదీ వీడి తెలివి. బ్యాంకు వాడికి జీతమెందుకిస్తోందో నాకర్థం కాదు.

ఆ రోజు తెల్లవారుతూనే మొదలుపెట్టాం. వెంట మురుగన్ వచ్చాడు. ప్రకాష్‌తోపాటు బ్యాంకులో పనిచేస్తాడు. తమిళుడు, తెలుగు ఒక్క ముక్క రాదు. కారు నడపడం, ఫోనులో వీడియో తీయడం అతని పని. మూడు కొండలు అనుకున్నదానికంటే ముందే అయిపోయాయి. వీడి మొహం వెలిగిపోతోంది. కొండకీ కొండకీ మధ్య కారులో అరటిపండు నములుతూ, రికార్డు వచ్చాక ఏం రాసి పెట్టాలో మురుగన్‌తో చర్చ. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాలుగో కొండ ఒక పంపరపనస తోట వెనకాల ఉంది. మధ్యాహ్నం దాటింది, ఎండ మాడ్చేస్తోంది. గోడ సగం పైన ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది కాబట్టి ఆపైన మనిషి కనపడడు. నా ఎడమ పక్క పది అడుగుల దూరంలో గుహలాంటి చిన్న తొర్ర. గబ్బిలాల కంపు. మేం ముగ్గురం తప్ప అక్కడ పురుగు లేదు.

వాడు పైకి పోయి కనుమరుగయ్యాడు. తాడు జరజరా పోయింది, ఆగింది. కాసేపటికి పైనుంచి వాడి కేక వినపడింది.

“ఒగ్గీ!”

స్పష్టంగా విన్నాను. క్షణాలు కలిసొస్తాయని, కేక వినగానే తాడుని నా నడుము దగ్గరున్న పట్టులోంచి లాగేయడం మాకు అలవాటు. నా చేయి దాని మీదికి వెళ్ళింది. ఇనప కొక్కెం సగం తెరిచాను కూడా.

“ఒగ్గీకమ్మీ.”

ఈ మాట పైనుంచి రాలేదు. నా ఎడమ పక్కనుంచి వచ్చింది. ఆడగొంతు. అరుపు కాదు. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే పక్కింటావిడ హెచ్చరించినట్టు, కొంచెం విసుగ్గా.

నేను భయపడలేదు. నిజం చెప్పాలంటే చిరాకుపడ్డాను. వీడి ‘కు’ ఆలస్యంగా వచ్చి చేరిందనుకున్నాను. రాతి గోడల మధ్య శబ్దం ఎటునుంచైనా, ఏ గొంతుతోనైనా వచ్చినట్టు ఉంటుంది కదా. కొక్కెం మూసి, తాడు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

పైనుంచి మళ్ళీ “ఒగ్గీ!” ఈసారి కోపంగా. నేను కదల్లేదు. “అక్కా! ఒగ్గీ లా!” అని గొంతు చించుకున్నాడు. వెధవ, ఒకసారి వద్దంటాడు, ఒకసారి వదలమంటాడు, ముందు తేల్చుకోనీ అనుకున్నాను.

అంతలో తాడు ఒక్క కుదుపు కుదిపింది. నా కాళ్ళు నేలమీంచి లేచాయి, భుజం గోడకి కొట్టుకుంది. పైన ఏదో తెగిన చప్పుడు, వాడి అరుపు. తాడు బిగిసి ఉంది. బరువు తెలుస్తోంది.

“ప్రకాష్! ఒరే ప్రకాష్!”

“ఓకే, అక్కా... ఓకే.” ఆ గొంతు వణుకు నేను వాడి దగ్గర ఎప్పుడూ వినలేదు.

మెల్లిగా కిందికి దింపాను. మోచేయి గీరుకుపోయింది, అంతే. జరిగింది వాడి నడుం చూస్తే తెలిసిపోయింది. నడుం పట్టీకి రెండు రకాల వలయాలుంటాయి. మనిషి బరువు మోసేది ఒకటి, సామాన్లు తగిలించుకునే పల్చటిది ఒకటి. తొందరలో ఈ మహానుభావుడు పల్చటి దానికి తగిలించుకుని ‘ఒగ్గీ’ అని కేకేశాడు. నేను ఎంతకీ వదలకపోయేసరికి, నన్ను తిట్టడానికని వెనక్కి వాలి కిందికి తొంగిచూశాడు. ఆ పల్చటి వలయం పుటుక్కుమంది. తాడు నా చేతిలో ఉంది కాబట్టి ఇద్దరు మనుషుల ఎత్తు పడి ఆగాడు. లేకపోతే నేల దాకా వచ్చేవాడు.

నేను నోరు తెరిచేలోపల మురుగన్ అడిగాడు, తమిళంలో.

“అక్కా, యారు అదు? ‘కమ్మి’న్ను సొన్నదు?”

కమ్మి అన్నది ఎవరు అని. తమిళంలో కమ్మి అంటే తక్కువ. తాడు తక్కువ చెయ్యమని, అంటే బిగించమని, ఎవరో ఆడమనిషి మీకు చెప్పిందనుకున్నాను అన్నాడు. ఆ మాట మళ్ళీ అనమన్నాను. “ఒగ్గికమ్మి” అన్నాడు. అర్థం తెలియకుండానే.

నాకు భయం అప్పుడు వేసింది. అంతవరకూ లేదు.

ప్రకాష్ ఒట్టేసి చెప్పాడు, ‘ఒగ్గీ’ తప్ప వాడు ఇంకేమీ అనలేదట. అనుండడని నాకూ తెలుసు. వాడు నన్ను పిలిస్తే అక్కా అంటాడు. ‘అమ్మీ’ అనే మాట వాడికి రాదు. మా ఇంట్లో నన్నెవరూ అలా పిలవలేదు. అది తెలుక్ ఇంటాన్ వైపు తోటల ఎస్టేట్లలో తెలుగు ముసలమ్మలు ఆడపిల్లల్ని పిలిచే పిలుపు. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు విన్నానంతే.

తొర్రలోకి మురుగన్ టార్చి వేసి చూశాడు. నాలుగడుగుల లోతు, గబ్బిలాల పెంట, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. తోటలోకి వెళ్ళి అడిగాను. అక్కడున్నది ఇద్దరు ఇండోనేషియా మగవాళ్ళు. ఆడవాళ్ళెవరూ రాలేదన్నారు.

వీడియో చూశాం. ప్రకాష్ మూడు కేకలూ సన్నగా వినిపిస్తాయి. ఆ ఆడగొంతు లేదు. కానీ మొదటి కేక అయిన వెంటనే, గోడ మీద ఉన్న దృశ్యం గబుక్కున ఎడమకి, తొర్ర వైపు తిరుగుతుంది. ఎవరు మాట్లాడారా అని మురుగన్ తిరిగాడు. ఫోను వినలేదు గాని దాన్ని పట్టుకున్న మనిషి విన్నాడు.

ప్రతిధ్వని అంటారు కొందరు. ప్రతిధ్వని అన్నమాటనే తిరిగి అంటుంది. లేని మాటని తెచ్చి తగిలించదు. నా మనసే అలా అనుకుందంటారు ఇంకొందరు. సరే, నా మనసు అనుకుంటే తెలుగు రాని మురుగన్ చెవిలో ఎలా పడింది? ఇక క్లాంగ్‌లో మా దూరపు చిన్నాన్న ఒకాయన ఉన్నాడు. విన్నదే తడవు, ఎప్పుడో ఆ కొండ కింద చనిపోయిన కూలీ ఆడమనిషి అని కథ అల్లేశాడు. చీర రంగు కూడా చెప్పాడు. నేను లేచి వచ్చేశాను.

మా వాడి సంగతి చెప్పకపోతే అన్యాయం. మోచేతికి గుడ్డ కట్టించుకుని వాడన్న మొదటి మాట, “ఇంకా టైముంది అక్కా, ఐదోది కొట్టేద్దాం.” కారు తాళం తీసుకుని నా జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి నలుగురూ చూసేచోట ‘టెక్నికల్ ప్రాబ్లమ్’ అని రాసి పెట్టాడు. ప్రాణం పోబోవడాన్ని అలా అంటారని నాకు తెలియదు. అక్క చెవులు ఆ రోజు సరిగ్గా పనిచేయలేదు, అదృష్టం అని స్నేహితులకి చెబుతున్నాడట. చెప్పుకోనీ.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. తెలిసినవాళ్ళ గొంతులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఏదీ కాదు. దయ్యం అనడానికి నాకు నోరు రాదు, కాదనడానికీ రావడం లేదు.

వచ్చే నెల ప్రకాష్ మళ్ళీ వెళ్తున్నాడు. అవే ఐదు కొండలు, అదే బోడి రికార్డు. తిట్టాను, ఏడ్చాను, అమ్మ చేత అన్నం మానిపించాను. వినలేదు. చివరికి నేనూ వస్తానని చెప్పాను. ఆ గొంతు మళ్ళీ వినాలని కాదు. ఈసారి అది రాకపోవచ్చు, నేను వెళ్ళకపోతే తాడు ఇంకెవరి చేతిలోనో ఉంటుందని.